కార్డు మోసాల డేటా మీద క్వాంటం కెర్నెల్: ప్రాజెక్టు డైరీ

చేతిలో ఒక లాప్‌టాప్, ఐబీఎం ఉచిత ఖాతా, ఒక డేటా ఫైలు మాత్రమే ఉన్న చిన్న క్వాంటం సాఫ్ట్‌వేర్ టీముల కోసం ఈ డైరీ. దశల వరసలోనే మీరూ చేసుకుంటూ పోవచ్చు. ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడ ఎక్కువ రాశాం, సాఫీగా జరిగిన చోట రెండు ముక్కల్లో ముగించాం.

పని ఏమిటంటే: కార్డు లావాదేవీల్లో మోసాలను పట్టడం. పద్ధతి: క్వాంటం కెర్నెల్. ప్రతి లావాదేవీలోని అంకెలను క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో బిట్‌కు సమానమైనవి) కోణాలుగా మార్చి, రెండు లావాదేవీల స్థితులు ఎంత దగ్గరగా ఉన్నాయో 0కి, 1కి మధ్య ఒక అంకెగా తీసుకుంటాం. ఆ అంకెనే కెర్నెల్ అంటాం. ఆ అంకెల పట్టికను మామూలు ఎస్‌వీఎంకు, అంటే రెండు రకాలను వేరు చేయడం నేర్చుకునే ప్రోగ్రాముకు ఇస్తాం. క్వాంటం పని అంతా ఆ పట్టిక తయారీలోనే ఉంటుంది, మిగతాదంతా ఎప్పటి నుంచో ఉన్న డేటా ఎనలిటిక్సే.

దశ 0: పనిముట్లు

1. పైథాన్‌కు విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి.
2. అందులో కిస్కిట్ (ఐబీఎం క్వాంటం ప్రోగ్రామింగ్ ప్యాకేజీ), కిస్కిట్ ఏర్ (దాని సిమ్యులేటర్), ఐబీఎం రన్‌టైమ్, సైకిట్‌లెర్న్, నంపై, పాండాస్ వేసుకోండి.
3. వేసిన వెంటనే ప్రతి ప్యాకేజీ వెర్షన్‌నూ ఒక ఫైలులో రాసి బిగించండి.

మూడో అంకం వదిలేస్తే నెల తిరక్కుండానే తలనొప్పి మొదలవుతుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కిస్కిట్ 1.0లో పాత పాఠాలన్నీ వాడే ఎగ్జిక్యూట్ ఫంక్షన్‌ను తీసేశారు. 2024 మార్చి నుంచి ఐబీఎం యంత్రాలకు పంపే సర్క్యూట్‌ను (క్యూబిట్ల మీద వరసగా చేసే పనుల జాబితా, ఒక్కో పని ఒక గేటు) ముందుగానే ఆ యంత్రపు సొంత గేట్లలోకి, దాని క్యూబిట్ల అమరికలోకి మార్చి పంపాలి. లేకపోతే జాబ్ వెనక్కి వస్తుంది. యూట్యూబ్ పాఠం చూసి రాసిన కోడు నడవడం లేదని ఎవరైనా అంటే, మేం మొదట అడిగేది ఆ పాఠం ఏ సంవత్సరానిదని.

దశ 1: డేటా

బ్రస్సెల్స్‌లోని యూఎల్‌బీ విశ్వవిద్యాలయం పరిశోధకులు బయటపెట్టిన కార్డు మోసాల డేటా తీసుకున్నాం. 2013 సెప్టెంబరులో రెండు రోజుల పాటు యూరప్ కార్డుదారులు చేసిన 2,84,807 లావాదేవీలు ఇందులో ఉన్నాయి. వాటిలో మోసాలు 492. అంటే వెయ్యికి రెండు కూడా లేవు. వీ1 నుంచి వీ28 దాకా ఉన్న ఫీచర్లు (లావాదేవీని వర్ణించే అంకెలు) గోప్యత కోసం పీసీఏ చేసి, అంటే అసలు విలువలను కలిపి కొత్త అంకెలుగా మార్చి ఇచ్చినవి. సమయం, మొత్తం సొమ్ము మాత్రమే ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఇది మన యూపీఐ డేటా కాదు. ఇక్కడ తేలిన ఏ అంకెనూ యూపీఐకి అతికించవద్దు.

చేసిన పని:

1. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న వరసలు తీసేశాం. 1,081 పోయాయి, 2,83,726 మిగిలాయి. మోసాలు 492 నుంచి 473కి తగ్గాయి.
2. సమయం వరసలో మొదటి 80 శాతం ట్రైనింగ్‌కు, చివరి 20 శాతం టెస్టుకు వేరు చేశాం. చివరి భాగంలో 56,745 లావాదేవీలు వచ్చాయి.
3. ట్రైనింగ్ భాగం నుంచి 200 మోసాలు, 200 మామూలు లావాదేవీలు యాదృచ్ఛికంగా తీశాం. మొత్తం 400.
4. సగటు, ప్రామాణిక విచలనం, ఫీచర్ల ఎంపిక అన్నీ ట్రైనింగ్ భాగం మీదే లెక్కగట్టాం. టెస్టు భాగానికి అవే అంకెలు వాడాం.
5. 8 ఫీచర్లు ఉంచాం: వీ17, వీ14, వీ12, వీ10, వీ16, వీ3, వీ7, వీ11. మోసంతో ఎక్కువ సహసంబంధం ఉన్నవి ఇవి. ఫీచర్‌కు ఒక క్యూబిట్ చొప్పున 8 క్యూబిట్లు.

ఒకటో అంకం ఎందుకంటే, ఒకే వరస ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ ఉంటే కెర్నెల్ దానికి 1 ఇస్తుంది, మోడల్ చదివిన ప్రశ్నకే జవాబు రాసినట్టవుతుంది. రెండో అంకం ఎందుకంటే, మోసాలు గుంపులుగా వస్తాయి. కలగాపులగం చేసి కోస్తే ఒకే గుంపులోని సగం ఇటు, సగం అటు పడతాయి.

కచ్చితత్వం శాతాన్ని ఈ ప్రాజెక్టులో ఎక్కడా వాడలేదు. అన్నీ మంచివే అని కళ్లు మూసుకుని చెప్పే ప్రోగ్రాముకు కూడా ఈ డేటా మీద 99.83 శాతం కచ్చితత్వం వస్తుంది. డేటా ఇచ్చినవాళ్లే ప్రెసిషన్-రీకాల్ వక్రరేఖ కింది వైశాల్యం చూడమని చెప్పారు. ప్రెసిషన్ అంటే ఆపినవాటిలో నిజమైన మోసాల వాటా, రీకాల్ అంటే మొత్తం మోసాల్లో పట్టినవాటి వాటా. మేమూ దాన్నే కొలతగా పెట్టుకున్నాం.

సగం సగం చేసిన టెస్టుతో ఎలా బోల్తా పడతారో ఒక లెక్క చూడండి. మోడల్ వందలో 90 మోసాలు పడుతుందనీ, వంద మంచి లావాదేవీల్లో 2 తప్పుగా ఆపుతుందనీ అనుకుందాం. సగం సగం టెస్టులో ప్రెసిషన్ 97.8 శాతం. అదే మోడల్‌ను అసలు నిష్పత్తిలో లక్ష లావాదేవీల మీద పెడితే మోసాలు 170, పట్టేవి 153, తప్పుగా ఆపేవి దాదాపు 1,997. ప్రెసిషన్ 7.1 శాతం. మోడల్ ఒకటే, అమ్మకాల స్లైడులో 98, బ్యాంకు కాల్ సెంటర్లో 7. అందుకే ట్రైనింగ్ సమానంగా చేసినా టెస్టు మాత్రం 56,745 మీదే చేశాం.

ఇప్పటిదాకా లెక్క: ట్రైనింగ్ 400, టెస్టు 56,745, క్యూబిట్లు 8, యంత్రం సమయం 0 సెకన్లు.

దశ 2: ముందు మామూలు మోడల్

క్వాంటం సర్క్యూట్ ఒక్కటీ గీయకముందే అదే 400 మీద, అవే 8 ఫీచర్లతో ఆర్‌బీఎఫ్ కెర్నెల్ ఎస్‌వీఎం నడిపాం. ఆర్‌బీఎఫ్ అంటే దూరం పెరిగేకొద్దీ పోలికను తగ్గించే మామూలు కెర్నెల్. అది ఎంత వేగంగా తగ్గాలో గామా చెబుతుంది, ట్రైనింగ్‌లో తప్పులకు ఎంత శిక్ష వేయాలో సీ చెబుతుంది. గామాను 0.001 నుంచి 1 దాకా, సీ విలువను 0.1 నుంచి 100 దాకా పదేసి రెట్లు పెంచుతూ, మధ్యలో మూడేసి విలువలు పెట్టి వెతికాం. గామాను డిఫాల్టు దగ్గరే వదిలేసి, క్వాంటం వైపు మాత్రం నాలుగు రకాల సర్క్యూట్లు మార్చి చూసి గెలిచామనడం ఈ రంగంలో ఎక్కువగా జరిగే తప్పు. రెండు వైపులా ఒకే శ్రమ పెట్టాలి. ఈ వెతుకులాట ఎందుకంత ముఖ్యమో దశ 4లో తేలింది.

దశ 3: చేత్తో లెక్కగట్టగల సర్క్యూట్

మొదటి సర్క్యూట్ కావాలనే చాలా చిన్నది పెట్టాం. ప్రతి క్యూబిట్ మీదా ఒక్కో ఆర్‌వై గేటు (క్యూబిట్‌ను ఇచ్చిన కోణం మేర తిప్పేది), కోణం ఆ ఫీచర్ విలువ. క్యూబిట్ల మధ్య ఏ ముడీ (ఎంటాంగిల్‌మెంట్) లేదు. దీని కెర్నెల్‌కు కాగితం మీద సూత్రం ఉంది: రెండు లావాదేవీల మధ్య ప్రతి ఫీచర్ తేడాను సగం చేసి, దాని కొసైన్ వర్గం తీసి, ఎనిమిదింటినీ గుణించడమే.

సూత్రం ఉంది కాబట్టి ఇదే మాకు పరీక్ష సాధనం. అంకాలు ఇవి:

1. 400 లావాదేవీలకు 400 స్థితులు సిమ్యులేటర్‌లో తయారు చేయండి.
2. ఒక్కో స్థితిలో 256 సంకీర్ణ సంఖ్యలు, ఒక్కోటి 16 బైట్లు. స్థితికి 4 కిలోబైట్లు, మొత్తం 1.6 మెగాబైట్లు.
3. స్థితుల అంతర్లబ్ధాల పరిమాణ వర్గం తీసి 400×400 పట్టిక చేయండి.
4. అదే పట్టికను సూత్రంతో నంపైలో చేయండి.
5. రెండింటి తేడాలో అతి పెద్దది చూడండి. అది పదిహేనో దశాంశ స్థానం చుట్టుపక్కల ఉండాలి. మూడో స్థానంలోనే తేడా కనిపిస్తే సర్క్యూట్‌లోనో స్కేలింగ్‌లోనో తప్పుంది.

చాలా పాఠాల్లో జతకు ఒక సర్క్యూట్ చొప్పున నడుపుతారు. 400 లావాదేవీలకు జతలు 400×399÷2 = 79,800. సిమ్యులేటర్‌లో దాని అవసరమే లేదు, 400 స్థితులు చాలు. జతల పద్ధతి అసలు యంత్రం మీదికి వెళ్లినప్పుడే తప్పదు, ఎందుకంటే అక్కడ స్థితిని తీసి ఫైలులో దాచుకోలేం.

టెస్టు 56,745 స్థితులకు 232 మెగాబైట్లు పట్టింది. 56,745×400 కెర్నెల్ పట్టిక ఇంకో 182 మెగాబైట్లు. 8 గిగాబైట్ల లాప్‌టాప్‌కు ఇది బరువే కాదు, అయినా 5,000 చొప్పున ముక్కలు చేసి నడపండి. క్యూబిట్లు పెంచితే కథ మారుతుంది: 20 క్యూబిట్ల స్థితి ఒక్కటే 16 మెగాబైట్లు, 400 స్థితులకు 6 గిగాబైట్లు దాటుతుంది. 30 క్యూబిట్లకు ఒక్క స్థితికే 16 గిగాబైట్లు కావాలి.

ఎస్‌వీఎంకు ముందే లెక్కగట్టిన పట్టిక ఇచ్చేటప్పుడు టెస్టు పట్టిక వరసల్లో టెస్టు, నిలువుల్లో ట్రైనింగ్ ఉండాలి. తిరగేసి ఇస్తే సైజు తేడా వల్ల ఎర్రర్ వస్తుంది, బతికిపోతాం. కానీ టెస్టు సంఖ్య, ట్రైనింగ్ సంఖ్య సమానంగా ఉంటే ఎర్రర్ రాదు, చెత్త జవాబు నిశ్శబ్దంగా వస్తుంది. అందుకే చిన్న పరీక్షల్లో కూడా రెండు సంఖ్యలూ వేరువేరుగా ఉంచుతాం: 40, 20 అన్నట్టు.

ఇప్పటిదాకా లెక్క: సిమ్యులేటర్ స్థితులు 400 + 56,745 = 57,145. యంత్రం సమయం 0 సెకన్లు.

దశ 4: చుట్టు తిరిగిన కోణం

సూత్రానికీ సిమ్యులేటర్‌కూ లెక్క అచ్చంగా సరిపోయింది. అయినా మోడల్ మోసాలను వదిలేస్తోంది. సర్క్యూట్‌లో తప్పు లేదు, పట్టికలో తప్పు లేదు. ఇలాంటప్పుడు సెట్టింగులు మారుస్తూ కూర్చుంటే రోజులు పోతాయి. ఒక్క ఫీచర్ తీసుకుని చేత్తో లెక్క వేయాలి.

వీ12 తీసుకున్నాం. మొత్తం డేటాలో దాని ప్రామాణిక విచలనం దాదాపు 1, సగటు 0. మోసాల్లో దాని సగటు సుమారు −6.26. అంటే మోసం మామూలు లావాదేవీకి ఆరు విచలనాలకు పైగా దూరంలో ఉంది. ఇంత స్పష్టమైన సంకేతం ఏ డేటాలోనూ ఊరికే దొరకదు. ఇప్పుడు స్కేల్ చేసిన ఆ విలువను నేరుగా రేడియన్లుగా గేటుకు ఇచ్చాం. పూర్తి చుట్టు 6.28 రేడియన్లు. −6.26 అంటే ఒక చుట్టు తిరిగి దాదాపు మొదలుపెట్టిన చోటికే వచ్చింది. తేడా సగం చేసి కొసైన్ వర్గం తీస్తే 0.9999. సగటు మోసం, సగటు మంచి లావాదేవీ వీ12 దృష్టిలో కవల పిల్లలు.

వీ14 కూడా అంతే. మోసాల సగటు సుమారు −6.97, విచలనం 0.96. స్కేల్ చేస్తే 7.27. ఒక చుట్టు తీసేస్తే మిగిలేది 0.99 రేడియన్లు. కొసైన్ వర్గం 0.775. అదే దూరానికి ఆర్‌బీఎఫ్ ఇచ్చేది (గామా 0.25 దగ్గర) 0.0000018. ఒకటి పోలికే లేదంటోంది, ఇంకోటి మూడొంతులు ఒకటేనంటోంది.

మోసాలన్నీ సగటు దగ్గరే ఉండవు కాబట్టి మోడల్ పూర్తిగా గుడ్డిది కాలేదు, కొన్ని పట్టింది. సరిగ్గా అందుకే ఈ తప్పు ప్రమాదకరం. ఫలితం సున్నా వస్తే వెంటనే అనుమానం వస్తుంది, ఓ మాదిరిగా వస్తే క్వాంటం పద్ధతి ఇంతేనేమో అనుకుని వదిలేస్తాం.

మార్చినవి:

1. స్కేల్ చేసిన విలువలను −8, +8 మధ్య కత్తిరించాం. వాటి మధ్య గరిష్ఠ దూరం 16.
2. తేడా 3.14 దాటకపోతేనే కొసైన్ వర్గం దూరంతో పాటు తగ్గుతూ పోతుంది. కాబట్టి విలువను కోణంగా మార్చే గుణకం 3.14÷16 = 0.196 లోపు ఉండాలి. 0.19 పెట్టాం.
3. మళ్లీ అదే చేతి లెక్క: వీ12 మీద 0.69, వీ14 మీద 0.59. దూరం పెరిగేకొద్దీ అంకె తగ్గుతోంది. ఇప్పుడు సరైన దిశలో ఉన్నాం.

గుణకం పెంచితే ఇంకో గొయ్యి ఉంది. ఫీచర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేని గంట ఆకారపు విభజనలో ఉన్నాయనుకుంటే, ఏ రెండు లావాదేవీల మధ్యనైనా 8 క్యూబిట్ల కెర్నెల్ సగటు ఇలా ఉంటుంది:

గుణకం 2: 0.0045
గుణకం 1: 0.048
గుణకం 0.5: 0.39
గుణకం 0.3: 0.70
గుణకం 0.19: 0.87

గుణకం పెద్దదైతే ప్రతి లావాదేవీ తనకు తప్ప ఎవరికీ పోలిక లేనిదవుతుంది. పట్టిక కర్ణం మీద 1, మిగతా అంతా సున్నా దగ్గర. అలాంటి పట్టికతో ఎస్‌వీఎం ట్రైనింగ్ డేటాను బట్టీ పడుతుంది, టెస్టులో చేతులెత్తేస్తుంది. కోణాలు చుట్టంతా సమానంగా పరుచుకుంటే క్యూబిట్ పెరిగిన ప్రతిసారీ సగటు సగమవుతుంది: 8 క్యూబిట్లకు 256లో 1 వంతు, 20 క్యూబిట్లకు పది లక్షల్లో ఒక వంతు కన్నా తక్కువ. యంత్రం మీద 1,024 షాట్లు కొట్టినా (షాట్ అంటే సర్క్యూట్‌ను ఒకసారి నడిపి చదవడం) 8 క్యూబిట్లకు మీకు కావలసిన అన్నీ సున్నాల ఫలితం సగటున 4 సార్లే వస్తుంది, 2 అటూ ఇటూ. 20 క్యూబిట్లకు దాదాపు ఎప్పుడూ సున్నాయే కనిపిస్తుంది. క్యూబిట్లు ఎక్కువ ఉంటే మోడల్ బాగుపడుతుందన్న ఆశ ఇక్కడే చెదురుతుంది.

ఇక దశ 2 ఎందుకు ముఖ్యమో చూడండి. చిన్న కోణానికి కొసైన్ వర్గం, ఆర్‌బీఎఫ్‌లోని ఘాతాంక ప్రమేయం దాదాపు ఒకటే. గుణకం వర్గాన్ని 4తో భాగిస్తే ఆ ఆర్‌బీఎఫ్ గామా వస్తుంది. 0.19కి గామా 0.009. వీ12 మీద మా సర్క్యూట్ 0.69 ఇస్తే ఆ ఆర్‌బీఎఫ్ 0.70 ఇస్తుంది. అంటే ముడి లేని ఈ సర్క్యూట్‌ను సరిగ్గా సరిదిద్దాక అది వేషం మార్చిన ఆర్‌బీఎఫ్. కస్టమర్‌కు ఇది క్వాంటం లాభం అని చూపిస్తే అబద్ధం చెప్పినట్టే. గామా 0.009 దగ్గర వెతకని ఆర్‌బీఎఫ్‌తో పోల్చి ఉంటే మాత్రం లాభం కనిపించి ఉండేది!

ఇప్పటిదాకా లెక్క: స్కేలింగ్ మార్చినందుకు స్థితులు మళ్లీ చేశాం, 57,145 × 2 = 1,14,290. యంత్రం సమయం 0 సెకన్లు.

దశ 5: క్యూబిట్ల మధ్య ముడులు

ఆర్‌బీఎఫ్‌కు భిన్నంగా ఏదైనా రావాలంటే క్యూబిట్లను ఒకదానితో ఒకటి ముడివేయాలి. అందరూ వాడే జెడ్‌జెడ్ ఫీచర్ మ్యాప్ తీసుకున్నాం, అంటే ఫీచర్లను జతలుగా కూడా కోణాల్లోకి ఎక్కించే సర్క్యూట్. మొదట ఉన్నది ఉన్నట్టు వాడాం. అదీ తప్పే.

ఆ మ్యాప్‌లో జంట గేటు కోణం: 3.14 నుంచి మొదటి ఫీచర్ తీసేసి, 3.14 నుంచి రెండో ఫీచర్ తీసేసి, రెండింటినీ గుణించి, 2తో గుణిస్తారు. ఫీచర్లు సున్నా దగ్గర ఉన్నప్పుడు ఒక ఫీచర్ కొంచెం కదిలితే కోణం దానికి 6.28 రెట్లు కదులుతుంది. మేము కష్టపడి 1.52 లోపుకు తెచ్చిన విలువ ఇక్కడ 9.5 రేడియన్లు తిరుగుతుంది. దశ 4లో మూసిన గొయ్యి మళ్లీ తెరుచుకుంది.

మార్చినవి:

1. జంట గేటు కోణాన్ని 3.14తో సంబంధం లేకుండా రెండు ఫీచర్ల లబ్ధంలో సగంగా పెట్టాం. గరిష్ఠం 1.52×1.52÷2 = 1.16, అటు చివర నుంచి ఇటు చివరకు 2.31. 3.14 లోపే.
2. ఒంటరి గేటు కోణంలో ఉన్న 2 గుణకం తీసేశాం.
3. అన్నింటినీ అన్నింటితో కట్టే ముడుల బదులు పక్కపక్క క్యూబిట్లనే కట్టాం.

మూడో మార్పు యంత్రం కోసం. లెక్క ఇది: అన్ని జతలూ కడితే 8 క్యూబిట్లకు 28 జతలు, జతకు 2 సీనాట్ గేట్లు (రెండు క్యూబిట్లను కలిపే గేట్లు), రెండు పొరలు (మ్యాప్ రెండుసార్లు): 112. కెర్నెల్ కోసం ఒక సర్క్యూట్, తర్వాత ఇంకోదాని తిరగేత (అవే గేట్లను చివరి నుంచి వెనక్కి రద్దు చేసేది) కలుపుతాం కాబట్టి 224. పక్కపక్క ముడులకు 7 జతలే: 28, తిరగేతతో 56. ఒకే పొర అయితే 28. గేటుకు 0.5 శాతం లోపం అనుకుంటే 224 గేట్ల తర్వాత మిగిలేది 33 శాతం, 56 తర్వాత 76 శాతం, 28 తర్వాత 87 శాతం. పైగా ఐబీఎం హెరాన్ రకం చిప్పుల్లో ఒక క్యూబిట్‌కు మూడుకు మించి పొరుగువారు ఉండరు. దూరంగా ఉన్న జతను కట్టాలంటే మార్పిడి గేట్లు కావాలి, ఒక్కో మార్పిడికి ఇంకో 3 సీనాట్‌లు. 224 అన్నది అక్కడ కనిష్ఠం మాత్రమే. 8 క్యూబిట్ల వరసను చిప్ మీద గీత గీసినట్టు పెట్టుకోవచ్చు కాబట్టి పక్కపక్క ముడులకు ఆ ఖర్చు ఉండదు.

ఒకే పొర, పక్కపక్క ముడులు. యంత్రానికి ఇదే తీసుకెళ్లాలని నిర్ణయించాం.

దశ 6: యంత్రం మీదికి, సెకన్ల లెక్క

జాతీయ క్వాంటం మిషన్‌ను 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ₹6,003.65 కోట్లతో ఆమోదించింది. అమరావతి క్వాంటం వ్యాలీలో ఐబీఎం 156 క్యూబిట్ల హెరాన్ యంత్రం పెడతామని 2025 మేలో ప్రకటన వచ్చింది. అప్పటి నుంచి విద్యార్థులు అడిగేది ఒకటే, 156 క్యూబిట్లతో ఏం చేయవచ్చని. మా పనికి 8 చాలు. కరువు క్యూబిట్లకు కాదు, సెకన్లకు. ఐబీఎం ఉచిత ఖాతాలో 28 రోజులకు 10 నిమిషాలు, అంటే 600 సెకన్లు వస్తాయి.

ఒక్కో షాట్‌కు మధ్య యంత్రం సాధారణంగా 250 మైక్రోసెకన్లు ఆగుతుంది. 1,000 షాట్లకు పావు సెకను. దీనితో లెక్క వేస్తే:

400 ట్రైనింగ్: 79,800 సర్క్యూట్లు × 0.25 = 19,950 సెకన్లు, ఐదున్నర గంటలు.
56,745 టెస్టు: 2,26,98,000 సర్క్యూట్లు, 65 రోజుల పైనే.

ఈ రెండు వరసలూ ప్రాజెక్టు మొదటి రోజే కాగితం మీద ఉండాలి. మేము దశ 6 దాకా రాయలేదు, అది పొరపాటు. చివరికి ఎంచుకున్నది:

1. ట్రైనింగ్ 40: 780 సర్క్యూట్లు, 195 సెకన్లు.
2. టెస్టు 20: 800 సర్క్యూట్లు, 200 సెకన్లు.
3. తనతో తాను పోల్చుకునే కర్ణం సర్క్యూట్లు 60: 15 సెకన్లు.

మొత్తం 1,640 సర్క్యూట్లు, 410 సెకన్లు. మిగిలేవి 190. జాబ్ మొదలు, లోడింగ్ ఖర్చులకు ఆ మిగులు అవసరం. 600కి 600 ప్లాన్ చేసుకోకండి.

20 టెస్టు లావాదేవీల్లో ఒక్క తప్పు 5 శాతం. కాబట్టి ఈ పరుగుతో మోడల్ ఎంత మంచిదో చెప్పలేం. ఇది యంత్రం ఇచ్చే కెర్నెల్ అంకె సిమ్యులేటర్ అంకెకు ఎంత దూరంలో ఉందో కొలవడానికే.

దశ 7: యంత్రం అంకెలను నమ్మే ముందు

కర్ణం సర్క్యూట్లు ఎందుకంటే, లావాదేవీని దానితోనే పోలిస్తే జవాబు 1 రావాలి. ఎంత తగ్గితే అంత నష్టం యంత్రంలో ఉంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. సర్క్యూట్, దాని తిరగేత పక్కపక్కనే ఉంటే, సర్క్యూట్‌ను యంత్రానికి తగ్గట్టు మార్చే ట్రాన్స్‌పైలర్ ఎదురెదురు గేట్లను కొట్టేస్తుంది. యంత్రానికి వెళ్లేది దాదాపు ఖాళీ సర్క్యూట్. జవాబు అద్భుతంగా వస్తుంది, అది అబద్ధం. రెండు సగాల మధ్య బారియర్ (ఇది దాటి గేట్లను కలపవద్దని ట్రాన్స్‌పైలర్‌కు చెప్పే గీత) పెట్టండి. మార్చిన తర్వాత రెండు క్యూబిట్ల గేట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, 28 ఉంటేనే పంపండి. జతల సర్క్యూట్లలోనూ అదే బారియర్ ఉంచాం, రెండింటి నష్టమూ ఒకేలా ఉండాలి కదా.

గేటు లోపం 0.5 శాతం, ఒక్కో క్యూబిట్ చదివే లోపం 1 శాతం అయితే కర్ణం మీద 0.87 × 0.92 = 0.80 దగ్గర రావాలి. మీ యంత్రపు ఆ రోజు క్యాలిబ్రేషన్ పేజీలోని లోపాలతో ఇదే గుణకారం చేసి ముందే రాసుకోండి. వచ్చిన అంకె దానికన్నా బాగా తక్కువైతే క్యూబిట్ల వరసలో ఒక చెడ్డ జంట ఉందని అర్థం, వరస మార్చండి. 1కి మరీ దగ్గరగా వస్తే బారియర్ మరిచిపోయారు.

తర్వాత శుభ్రం చేసే అంకాలు:

1. ప్రతి జత అంకెను, ఆ రెండు లావాదేవీల కర్ణం అంకెల లబ్ధపు వర్గమూలంతో భాగించండి. నష్టం అందరికీ సమానంగా పడితే ఇది దాన్ని సరిచేస్తుంది.
2. పట్టికను సౌష్ఠవంగా చేసి ఐగెన్ విలువలు (పట్టిక ఒక్కో దిశలో ఎంత బలంగా ఉందో చెప్పే అంకెలు) తీయండి.
3. రుణాత్మకమైన వాటిని సున్నా చేసి పట్టిక మళ్లీ కట్టండి.
4. అప్పుడు మాత్రమే ఎస్‌వీఎంకు ఇవ్వండి.

అసలు కెర్నెల్‌కు రుణాత్మక ఐగెన్ విలువలు ఉండవు. షాట్ల గందరగోళం వల్ల వస్తాయి. 0.5 దగ్గరి అంకెకు 1,000 షాట్లతో 0.016 అటూ ఇటూ తేడా ఉంటుంది. 40×40 పట్టికలో ఆ తేడాలు కలిసి ఐగెన్ విలువను 0.2 దాకా కదిలించగలవు. అంటే 0.2 కన్నా చిన్న ధనాత్మక విలువలను కూడా సంకేతంగా నమ్మకండి. షాట్లు నాలుగింతలు చేస్తే ఈ హద్దు సగమే తగ్గుతుంది, సెకన్లు మాత్రం నాలుగింతలు: 410 కాస్తా 1,640. ఉచిత ఖాతాలో దాదాపు మూడు నెలల కోటా.

మూడో అంకంలో ట్రైనింగ్ పట్టిక మారుతుంది, టెస్టు పట్టిక మారదు. రెండింటికీ పొంతన తప్పకుండా, సున్నా చేసిన దిశలను టెస్టు వరసల్లోంచి కూడా తీసేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. చిన్న పట్టికల్లో దీని ప్రభావం పెద్దదే.

ఇంకో చిన్న విషయం. ఫలితంలో అన్నీ సున్నాలైన బిట్ల వరసనే మేము లెక్కపెడతాం కాబట్టి కిస్కిట్ బిట్లను కుడి నుంచి ఎడమకు రాస్తుందన్న సంగతి ఇక్కడ ఇబ్బంది పెట్టదు. మీరు ఒక్కో క్యూబిట్‌ను విడిగా చదివే పద్ధతికి మారితే మాత్రం మొదట ఒకే ఒక క్యూబిట్‌ను తిప్పి, 1 ఏ చివర వచ్చిందో చూసుకుని మొదలుపెట్టండి.

మొత్తం లెక్క: సిమ్యులేటర్ స్థితులు 1,14,290, జెడ్‌జెడ్ మ్యాప్ రెండు రూపాలకు ఇంకో 1,14,290, కలిపి 2,28,580. యంత్రం సర్క్యూట్లు 1,640. యంత్రం సమయం 410 సెకన్లు. ఖర్చు ₹0.

సిమ్యులేటర్ మీద 56,745 టెస్టు లావాదేవీలతో సరిదిద్దిన జెడ్‌జెడ్ మ్యాప్ గామా వెతికిన ఆర్‌బీఎఫ్‌ను దాటిందని రాయడానికి మా దగ్గర ఆధారం లేదు. టెస్టులోని మోసాలను తిరిగి తిరిగి యాదృచ్ఛికంగా ఎంచుకుని రెండు మోడళ్ల తేడాకు హద్దులు కడుతున్నాం. మోసాలు వంద ఉండి, వాటిలో 80 పట్టారనుకుంటే ఆ 80 శాతానికే 4 శాతం అటూ ఇటూ ఉంటుంది. రెండు శాతం తేడా చూసి గెలుపని రాయలేం. మిగిలిన 190 సెకన్లలో 40 సెకన్లు ఒకే 160 సర్క్యూట్లను వేరే రోజు, వేరే క్యూబిట్ల వరస మీద మళ్లీ నడపడానికి పక్కన పెట్టాం. ఆ రెండు పరుగుల తేడా 0.016 కన్నా బాగా ఎక్కువగా వస్తే, షాట్లు పెంచడం మానేసి క్యూబిట్ల ఎంపిక మీద పని మొదలుపెడతాం.